నేను వ్రాసిన అర్జీ

మా నల్లగండ్లను చూడనివారికి రెండు మాటలలో చెప్పవలెను. లింగంపల్లి రైలుస్టేషనుకు దక్షిణమున, హైదరాబాదు విశ్వవిద్యాలయపు బండరాళ్ల గుట్టల నానుకొని, ఒక చెరువును దాని క్రింద కొంత పొలమును గల పల్లె యిది. ఇప్పుడు ఆ పొలములలో మేడలు మొలచినవి. చెరువు మాత్రము కొంత మిగిలి యున్నది. ఈ మేడలలో నివసించువారిలో ఈ యూర పుట్టినవారిని వెదకి పట్టుకొనుట కష్టము. నేను శ్రీకాకుళము జిల్లానుండి వచ్చితిని. మా యెదుటి యింటివారిది పాట్నా. మా కావలివాడు అస్సామువాడు. గోడలు కట్టినవాడు ఒడిస్సావాడు. ఇటుక మోసినది పాలమూరునుండి వచ్చిన స్త్రీ. ఇందరు పొరుగూరివారు కూడి కట్టుకొనిన యూరిలో 'బయటివారు' అను మాట పుట్టుటయే యొక వింత. పుట్టి, పెరిగి, అది నా చేతనే కలము పట్టించుట మరింత వింత.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరముపై కురిసిన వాన చదువరులకు జ్ఞప్తి యుండును. మూసీ పొంగెను. పాతబస్తీలో ఇండ్లు కూలెను; పదులకొలది జనులు మరణించిరి. మా మేడ యడుగున బండ్లు నిలుపు సెల్లారులో మోకాలిలోతు నీరు నిలిచెను. మా నష్టము బండ్ల యింజనులవరకే. పల్లపు బస్తీలవారి నష్టము వేరు. ప్రభుత్వము ఇంటింటికి 10,000 రూపాయల సాయము ప్రకటించి, అందులకై 550 కోట్లు కేటాయించెను. సాయము మంచిదే. కాని రొక్కము చేతికి పంచుటచే, ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమగల చేతులన్నియు తడిసినవని ఊరంతయు గోల పుట్టెను. సగమే యిచ్చిరని కొందరు, నీరు చొరని యింటికి ముట్టి మునిగిన యింటికి ముట్టలేదని కొందరు వీథులలో బైఠాయించిరి. నగరపాలక ఎన్నికలు వచ్చిన కారణమున ఎన్నికల సంఘము నవంబరు 18న పంపిణీని నిలిపివేయగా, మీసేవా కేంద్రముల ముందు తెల్లవారకమునుపే వరుస కట్టిన స్త్రీలు వట్టిచేతులతో మరలిరి.

ఆ దినములలోనే మా మేడవారి సంఘము సమావేశమయ్యెను. కరోనా కాలము గావున ముఖములకు మాస్కులు తగిలించుకొని, ఎడమెడముగా కుర్చీలు వేసికొని, పచ్చికపై కూర్చుంటిమి. మొదటి ముప్పావుగంట జరిగిన ప్రసంగమును నేనెన్నడును మరువను. నా పొరుగువారు అంత చక్కగా మాటలాడుట మరల వినలేదు. చెరువు శిఖమున మట్టి పోయించినదెవరు? వరదకాలువపై కట్టడములకు అనుమతి యిచ్చినదెవరు? మనము కట్టిన పన్ను ఏ కాలువలో పోయెను? బ్యాంకులో పనిచేయు నొక యమ్మ ఈ ప్రశ్నలు లెక్కలతో నడిగెను. పదవీవిరమణ చేసిన ఇంజనీరుగారొకరు కాలువ యెంత వెడల్పుండవలెనో, ఎంత యున్నదో కాగితముపై గీసి చూపిరి. అందరిలోను కోపముండెను. అది న్యాయమైన కోపము. ఎవరిపై చూపవలెనో యెరిగిన కోపము.

అంతలో వెనుకనుండి యొకరనిరి: "అదంతా సరేనండీ, ఆ చెరువు గట్టున రేకుల షెడ్లలో ఉన్నవాళ్ళెవరో ఎవరికైనా తెలుసా?"

చెత్త యేరి యమ్ముకొని జీవించు పదునైదు కుటుంబములు అచట నుండెను. వారి భాష మాకు తెలియదు. "రోహింగ్యాలట" అని యొకరనిరి. ఆ 'ట' రెండు కుర్చీలు దాటునప్పటికి రాలిపోయెను. వ్యాకరణము చెప్పి బ్రదుకువాడను గనుక అది యెక్కడ రాలెనో నేను గమనించితిని, గమనించియు ఊరకుంటిని. కాలువలో చెత్త పోసి నీటికడ్డు వేసినది వారేయని మరియొకరు, క్రిందటి నెల పోయిన సైకిలు వారి పనియేయని వేరొకరు. ఇంజనీరుగారి కాగితము గాలికెగిరి పూలకుండీ చాటున బడెను. దానిని తీసినవారు లేరు.

కార్యదర్శిగారు నా వైపు తిరిగిరి. "మాస్టారూ, పోలీసువారికి అర్జీ మీరే రాయాలి. మీ ఇంగ్లీషు చూస్తే వాళ్ళు లేచి నిలబడతారు."

నేను మురిసితిని. దాచనేల? సంస్కృతమును ఇంగ్లీషును చదివి, నలుబదియేండ్లు దాటియు అద్దె యింట నుండు ఉపాధ్యాయునికి, కోట్లు పెట్టి ఇండ్లు కొనినవారి సభలో దొరకు గౌరవము అట్టి సందర్భములలోనే. ఆ రాత్రియే రెండు పుటలు వ్రాసితిని. శాంతిభద్రతలు, ప్రజారోగ్యము, గుర్తింపుపత్రములు లేని విదేశీయులు అను మాటలను వరుసగా పేర్చితిని. వాక్యములు బాగుగ కుదిరినవని రెండుమారులు చదువుకొని సంతోషించితిని. కాలువనుగూర్చిన అర్జీ పిదప వ్రాయుదమనుకొంటిమి. నేటివరకు వ్రాయలేదు.

వారము తిరుగకమునుపే షెడ్లు లేవు. ఉదయపు నడకకు పోయినప్పుడు చూచితిని. ఒక నీలి ప్లాస్టికు డ్రమ్మును, కాలిన పొయ్యిరాళ్లును మిగిలియుండెను. ఎవరు తీయించిరో, ఎటు పోయిరో నేను విచారింపలేదు.

మా పచ్చికపై జరిగినదే ఆ నెలలో నగరమంతట జరిగెను. డిసెంబరు 1న పోలింగు. వరదలును, కాలువలును, పంచిన డబ్బును పదిదినములలో ప్రసంగములనుండి జారిపోయినవి. భారతీయ జనతా పక్షపు రాష్ట్రాధ్యక్షుడు, తాము గెలిచినచో పాతబస్తీపై 'సర్జికల్ స్ట్రయికు' చేసి రోహింగ్యాలను తరిమివేయుదుమనెను. ఇక నెల్లవారును దానినే పట్టుకొనిరి. సరిహద్దు ఎవరి బాధ్యత, ఓటర్ల జాబితా ఎవరి బాధ్యత యని కేంద్రము నేలువారిని, రాష్ట్రము నేలువారిని, పాతబస్తీ నేలువారిని ఒకరిపై నొకరు ఉసికొల్పుకొనిరి. ఈ జగడములో అందరికిని లాభమే, ఏలయన ఇందులో కాలువల ప్రసక్తి లేదు. నేను ఏ పక్షమువాడనుగాను. ఒక పక్షమునే తప్పుపట్టుటకు నాకు మొగము లేదు. నూటికి ఏబదిమందియైనను ఓటు వేయలేదు. 150 స్థానములలో ఏ పక్షమునకును సగము రాలేదు.

మరుసటి యేడు మా యెదుటి యింటికి పనిమనిషి యొకతె క్రొత్తగా వచ్చెను. ముప్పదియేండ్ల స్త్రీ. హిందీ, బంగాళీ, తెలుగు కలిపి మాటలాడును. మా యింటను గిన్నెలు తోమవలెనని నా భార్య అడిగినప్పుడు తన యాధారు కార్డును, ఓటరు కార్డును తానే తీసి చూపెను. అడుగకయే చూపుట యామెకు అలవాటైనది కాబోలు. పశ్చిమబంగాళములోని ముర్షిదాబాదు జిల్లా. "ఇంతకుముందు ఇక్కడే లేక్ పక్కన ఉన్నాం అమ్మా. మమ్మల్ని బర్మావాళ్ళు అని చెప్పి తీసేసినారు" అని గిన్నెలు తోముచునే చెప్పెను.

నేను లోపలి గదిలో విద్యార్థుల వ్యాసములు దిద్దుచుంటిని. ఆ మాట విన్న వెంటనే నాకు సిగ్గు కలిగెనని వ్రాసిన బాగుండును. కాని మొదట కలిగినది వేరు. 'అయ్యో, పొరపాటు జరిగినది. వీరు మనవారే' అనుకొంటిని. అనగా, మనవారు కానిచో పొరపాటు కాదనియేగదా! నిజముగా రోహింగ్యాలే యైయుండినచో నా రెండు పుటలు సరియైనవగునా? ఈ ప్రశ్నను నేను మూడేండ్లు దాటవేసితిని.

దానిని మరల నాముందు పెట్టినవాడు నా పూర్వశిష్యుడు. అతడు ఇంగ్లండులో, బర్మింగుహాము నగరమున కంప్యూటరు ఉద్యోగి. 2024 ఆగస్టులో సెలవుపై వచ్చి నన్ను చూడవచ్చెను. ఆ జూలై 4న అచట జరిగిన యెన్నికలలో తానును ఓటు వేసితిననెను. భారతీయ పాసుపోర్టు గలవాడైనను, కామన్వెల్తు దేశీయుడై అచట నివసించుచున్నందున ఆ హక్కు కలదట. అచటి పాలకులపై జనులకు పుట్టిన విసుగును అతడు కథవలె చెప్పెను.

కరోనా నిబంధనలను చేసి ప్రజలచే పాటింపజేసిన ప్రధాని బోరిస్ జాన్సనుకే వానిని ఉల్లంఘించినందుకు లండను పోలీసులు 2022 ఏప్రిల్ 12న జరిమానా విధించిరి. తల్లిదండ్రుల కడసారి చూపునకు సైతము పోలేక నిబంధన పాటించినవారి కడుపుమంట ఎట్టిదో ఊహింపవచ్చును. రెండు దినములకే, 14వ తేదీన, చిన్న పడవలలో సముద్రము దాటివచ్చి ఆశ్రయము కోరువారిని ఆఫ్రికాలోని రువాండాకు పంపివేయుదుమని ఆ ప్రధానియే ప్రకటించెను. పథకము అంతకుమునుపే సిద్ధమైయుండును. రెండు దినముల యెడము యాదృచ్ఛికమే కావచ్చును. జూన్ 14న ఎగురవలసిన మొదటి విమానము యూరోపియను మానవహక్కుల న్యాయస్థానపు ఆజ్ఞచే నిలిచెను. 2023 నవంబరు 15న ఆ దేశపు సుప్రీముకోర్టు పథకము చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. పాలకపక్షము 2024 ఎన్నికలలో 121 స్థానములకు పడిపోయెను. క్రొత్తవారు వచ్చి లెక్క చూడగా 70 కోట్ల పౌండ్లు వ్యయమైనవి. రువాండా చేరినవారు తమంతట పోవుటకొప్పుకొన్న నలుగురు!

"మొదట్లో నాకూ బాగానే అనిపించింది మాస్టారూ" అని అతడనెను. "మేం ఫీజులు కట్టి, వీసాకోసం నెలలు ఆగి వచ్చాం, వీళ్ళు పడవెక్కి వస్తారా అనుకున్నాను." పిదప ఆ కోపమే తనవైపు తిరిగినదట. నైపుణ్యవీసాకు కావలసిన జీతము 2024 ఏప్రిల్‌లో ఏటికి 26,200 పౌండ్లనుండి 38,700కు పెరిగెను. అంతకు ముందు నెలలోనే, వృద్ధుల సేవకు క్రొత్తగా వచ్చువారు భార్యాబిడ్డలను తోడ్కొనిరాగూడదని నిబంధన వచ్చెను. ఆ యుద్యోగమునకే పోవలసియుండిన అతని పినతల్లి కూతురు, బిడ్డను విడువలేక, గుంటూరులోనే యుండిపోయెను.

రువాండా ఒప్పందముపై సంతకము చేసిన హోంమంత్రి ప్రీతి పటేల్ ఉగాండానుండి వలసపోయిన గుజరాతీ దంపతుల కూతురని నేనెరుగుదును. "తాము లోపలికి వచ్చిన తలుపునే మూయుచున్నారు చూచితివా!" యని పరిహసించితిని. నా శిష్యుడు నవ్వలేదు. కొంత సేపటికి, "మీ నాయనమ్మగారు బర్మా నుంచి నడిచి వచ్చారని మాకు క్లాసులో చెప్పేవారు కదా మాస్టారూ" అనెను. అతనికి నా యర్జీ సంగతి తెలియదు.

మా తాత రంగూను రేవులో మూటలు మోసిన కూలి. ఆ కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి పోయిన తెలుగు కూలీలను బర్మాలో 'కొరంగీలు' అనెడివారు. కోరంగి రేవునుండి ఓడ యెక్కినవారని మొదట ఆ పేరు వచ్చినను, తరువాత అది యొక తిట్టయ్యెను. 1930 మే నెలలో కొరంగీలు కూలి పెంచుమని సమ్మె కట్టగా, యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరగానే ఆ బర్మీయులను తీసివేసిరి. ఇరువురిని మోసగించినది ఓడల కంపెనీలవారు. రంగూను వీథులలో నరకబడినది మాత్రము తెలుగు కూలీలు. ఆనాటి బర్మీయుల కోపమును నేను నిందింపలేను. పని పోయినవానికి కోపము రాదా? అది యజమాని గుమ్మము చేరలేక దగ్గరనున్నవానిపై బడెను. 1941లో భారతీయుల వలసను అరికట్టు ఒప్పందము కూడ కుదిరెను. ఆ డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై బడగా, అన్నిటితోపాటు ఆ కాగితమును గాలికి పోయెను.

మా తాతయు నాయనమ్మయు ప్రోమువరకు వచ్చి, అచటినుండి తౌంగుప్ కనుమమీదుగా అరకాను తీరమునకు నడచిరి. ఆ కొండదారిలో నీరు లేదు, ఉన్నచోట కలరా. మాకు పెదనాన్న కావలసిన తొమ్మిది నెలల పసివాడు ఆ దారిలోనే పోయెను. అతనికి పేరు పెట్టిరో లేదో కూడ నాయనమ్మ యెన్నడును చెప్పలేదు. అక్యాబు రేవున పడవ దొరికి చిట్టగాంగు చేరి, అచటినుండి కలకత్తా, వాల్తేరు. అక్యాబునకు ముందు ఒక యూరిలో జరిగినది మాత్రము ఆమె పలుమారు చెప్పెడిది: "నీళ్ళకోసం ఓ ఇంటికాడ ఆగినాం. ఆ ముసలాడు గడ్డానికి గోరింటాకు ఎట్టుకున్నాడు. కుండెడు గంజి పోసినాడు నాయనా. డబ్బులిస్తే తీసుకోనేదు."

అరకానే నేటి రఖైను. అక్యాబే నేటి సిత్వే. రోహింగ్యాల స్వస్థలము అదియే. ఆ ముసలివాడు రోహింగ్యాయని వ్రాయుటకు నాకెంతో కోరిక గలదు. వ్రాయలేను, గోరింటాకు గడ్డము తప్ప వేరు సాక్ష్యము లేదు. కాని యొకటి మాత్రము నిశ్చయము. బర్మావారు భారతీయులను ఏవగించుకొని పిలుచు 'కలా' యను మాటను రంగూను రేవులో మా తాత వినెను. ఆ మాటనే నేడు రోహింగ్యాలు వినుచున్నారు.

1964లో నీవిన్ ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా, ఆ మొదలు కొన్ని యేండ్లలో మూడు లక్షల భారతీయులు బర్మాను విడిచిరి. విశాఖలో బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. ఆ తెలుగువారికి ఇచట ఒక ప్రభుత్వము, ఒక భాష, ఎదురేగి తీసికొనిపోవు నొక మేనమామ యుండెను. 1982 నాటి చట్టముచే పౌరసత్వము కోలుపోయిన రోహింగ్యాకు అవి లేవు. 2017 ఆగస్టులో సైన్యము గ్రామములను తగులబెట్టగా ఏడు లక్షలకు పైగా బంగ్లాదేశమునకు పారిపోయిరి. మన నగరమున బాలాపూరు ప్రాంతమున కొన్ని వేలమంది, చాలమంది అంతకు మునుపే వచ్చినవారు, చెత్త యేరియు కూలి చేసియు బ్రదుకుచున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థిసంస్థ యిచ్చిన కార్డు కొందరివద్ద గలదు. మన ప్రభుత్వము దానికి విలువ నీయదు. వారిని గుర్తించి పంపివేయుడని కేంద్ర హోంశాఖ రాష్ట్రములకు వ్రాసినది ఆ 2017 ఆగస్టులోనే. 2021 ఏప్రిల్ 8న సుప్రీముకోర్టు, పద్ధతి ప్రకారము పంపవచ్చుననెను. 2019లో సవరించిన పౌరసత్వచట్టము పొరుగుదేశములలో మూడింటినుండి వచ్చిన ముస్లిమేతరులకు దారి చూపినది; ఆ మూడింటిలో బర్మా లేదు. 1946 నాటి విదేశీయుల చట్టము పోయి 2025లో క్రొత్తది వచ్చినను, శరణార్థి యెవరో చెప్పు చట్టము మనకు నేటికిని లేదు.

సరిహద్దులు తెరచియుంచుమని నేననను. వచ్చినవాడెవడో తెలిసికొనుట రాజ్యమునకు ధర్మము. భయపడువారిని పరిహసించుటయు నాకిష్టము లేదు. నా తరగతిలో యుద్ధకాండ చెప్పునప్పుడు సుగ్రీవుని నేనెన్నడును తేలిక చేయలేదు. శత్రువు తమ్ముడు నలుగురితో ఆకాశమున నిలిచి శరణనగా, వీడు గూఢచారి, చంపుమని సుగ్రీవుడనెను. పరీక్షింపుమని అంగదుడు, చారుని పంపుమని శరభుడు, వేళకాని వేళ వచ్చినాడని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నింపుమని మైందుడు, గ్రహింపుమని హనుమంతుడు. ఇందరును మాటలాడినది వచ్చినవానిని గూర్చియే. వాని మాట విన్న పిదపనే. మా పచ్చికపైగాని, 2020 ఎన్నికల సభలలోగాని అట్టి విచారణ జరుగలేదు. అచట మాటలాడినది వారినిగూర్చి కాదు. కాలువను మరచుటకొక సాకు కావలసివచ్చెను. వారు దగ్గరగా నుండిరి.

శిష్యుడు వెళ్లిన పిదప నేను సంఘపు కార్యదర్శివద్దకు పోయి, ఆ యర్జీలోని సంగతి అబద్ధమని సమావేశముల పుస్తకములో వ్రాయుడని యడిగితిని. క్రొత్త కార్యదర్శి, మంచివాడు. "నాలుగేళ్ళయింది కదండీ, ఇప్పుడెందుకు?" అనెను. ఊరకే యడిగితినని చెప్పి వచ్చితిని.

ఆమె యిప్పటికిని మా యింట గిన్నెలు తోముచున్నది. ఇంటి వెనుక కాలువ యెప్పటివలెనే యున్నది. వాన పడినప్పుడు సెల్లారులో నీరు నిలిచినచో బండ్లు పైకి తీయుమని ఆమెయే వచ్చి తలుపు తట్టును. కొడుకు మా వీథి బడిలో ఐదవ తరగతి. సాయంకాలము వాడు తెలుగు పాఠము తెచ్చి నా దగ్గర కూర్చుండును. గుణింతములు బాగుగనే వచ్చినవి, ఒత్తులవద్ద తడబడును. ఇంకొక యేడు గడచినచో ఇట్టి పత్రికను కూడబలుకుకొని చదువగలడు. ఆలోపల వాని తల్లికి నేను చెప్పవలసియున్నది. ఇంకను చెప్పలేదు.